ఇరవై ఆరు నంబర్లు

“మీ లెక్క ప్రకారం రాయి కోసే మా బావమరిది వస్తాదు. పది మెట్లెక్కితే మూడుసార్లు కూర్చుంటాడు ఆ వస్తాదు,” అంటూ ప్యాకింగ్ మేస్త్రీ రిపోర్టును బల్లమీద పడేశాడు.

లిఫ్టు చెడిపోయింది. నాలుగంతస్తులు ఎక్కి వచ్చినా ఆయన రొప్పడం లేదు.

గణాంకాలు చూసే అమ్మాయి రిపోర్టు తిప్పింది. రాయి కోసే షెడ్డులో ఇరవై ఆరుగురికి ఊపిరితిత్తుల పరీక్ష చేశారు. అందరూ ఆరోగ్యంగా ఉన్నారని ఆమె కంప్యూటర్ మోడల్ తేల్చింది. అది చూపించి, దుమ్ము లాగే ఫ్యాన్లు అక్కర్లేదన్నాడు మేనేజరు.

“నాకు అంకెలే పంపుతారు మేస్త్రీ గారూ. మనుషుల్ని కాదు.”

“అదే నేననేది. పరీక్షల వ్యానులో నర్సమ్మ తలెత్తితేగా? నంబరు పిలిచింది, గొట్టంలో ఊదమంది, రాసుకుంది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నవాడు ఎవడైతే ఆవిడకేం? షెడ్డు బయట నిలబడితే దగ్గు వినపడుతుంది తల్లీ. మీ కంప్యూటర్లో దగ్గుకి గడి లేదా?”

“బాగాలేదని వాళ్ళే చెప్పొచ్చుగా?”

“నిరుడు ఆ గొట్టం దగ్గర ముగ్గురు తప్పారు. విశ్రాంతి తీసుకోమన్నారు. ఇంకా తీసుకుంటూనే ఉన్నారు.”

ఆమె కంప్యూటర్ వైపు తిరిగింది. అంకెలు మళ్ళీ తెరిచింది. ఈసారి ఒక్కొక్కటీ చదివింది.

“పాతికేళ్ళవాడిదీ యాభయ్యేళ్ళవాడిదీ దాదాపు ఒకటే అంకె. పొట్టివాడిదీ పొడుగువాడిదీ ఒకటే. జాబితాలో కిందికి వెళ్ళేకొద్దీ కాస్త కాస్త తగ్గాయి, యంత్రం అలిసిపోయినట్టు. నేను సగటు చూసి వదిలేశాను. తప్పు నాదే.”

“ఇప్పుడేం చేస్తారు?”

“మళ్ళీ పరీక్ష అడుగుతాను.”

“అందరూ తప్పితే అందర్నీ ఇంటికి పంపుతారు.”

“ముగ్గుర్ని పంపగలరు. ఇరవై ఆరుగుర్ని పంపితే రాయి ఎవరు కోస్తారు? ఫ్యాన్లు పెట్టక తప్పదు. కానీ యంత్రం బాగానే ఉందని వ్యాను వాళ్ళు కాగితం ఇచ్చారు. పరీక్ష తప్పని నేనెలా నిరూపించను?”

మేస్త్రీ కిటికీలోంచి షెడ్డు వైపు చూశాడు. రేకుల మీద దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“రాసుకో తల్లీ. ఇరవై ఆరుసార్లూ ఊదింది నేనే.”