హంద్రి ఇచ్చిన పలక

"ఏయ్, ఎవరప్పా నువ్వు? ఆ పలక మీంచి చెయ్యి తియ్!"

సుంకులమ్మ చేట పక్కన పడేసి లేచింది.

వసారా నీడలో ఆరబెట్టిన టేకు పలక మీదికి చెవి తెగిన కొత్త మనిషి ఎవరో వంగి ఉన్నాడు. పలక వంకర పోకుండా బరువుకు పెట్టిన రాళ్లను దించి పక్కన పెడుతున్నాడు.

"దొంగోణ్ని కాదమ్మా."

పలక అంచున ఇనుప కడియం ఊడిపోయిన తొర్ర ఉంది. అందులో వేలు పెట్టి తడిమి చూశాడు.

"ఇది మీకు యాడ దొరికింది?"

సుంకులమ్మ గబగబా పలక దగ్గరికి వచ్చింది.

నిరుడు హంద్రి పొంగి కల్లూరు ఒడ్డుకు ఎన్ని మానులు తెచ్చి పడేసిందో, తర్వాత అన్నిటికీ సొంతదారులు పుట్టుకొచ్చారు. ఎదురింటి పెద్దక్క దూలాన్ని కూడా అట్లాగే ఎవరో మాదేనని బండిలో వేసుకుపోయారు. పెద్దక్క నోరు ఊరంతా వినిపించింది గానీ ఏం లాభం?

ఈ పలక అట్లా పోకూడదు. కొసలు పగలకుండా పేడ మెత్తి, ఎండ సోకకుండా తిప్పి తిప్పి ఆరబెట్టాడు కొడుకు మహానంది. కర్నూలు రాజధాని అయ్యాక వచ్చిన ఒక ఆఫీసరు, కాఫీ తాగడానికి టీపాయి చేసిమ్మన్నాడు. ఆయన మెచ్చితే కొత్త ఆఫీసుల్లో వడ్రంగం పని దొరుకుతుంది. ఈరోజే చిత్రిక పట్టి లక్క పూయాలి. ఆ లక్క కోసమే బజారుకు పోయాడు.

వచ్చే వేళయింది. అదే ఆమె భయం. మహానంది మరీ మెత్తన. నాదని ఎవరన్నా అంటే ఎత్తి చేతికిచ్చేస్తాడు.

"ఏట్లో వచ్చింది. హంద్రి ఇచ్చింది, మేము తెచ్చుకున్యాం. ఇంగ పోప్పా."

"దీన్ని పట్టుకోని ఎవరన్నా వచ్చినారామ్మా? వయసు పిల్లోడు?"

ఓహో, ఇదా ఎత్తు! ఏట్లోంచి దీన్ని పట్టుకొచ్చింది నా కొడుకే అంటే, నేరుగా వాణ్నే పట్టుకుంటాడు.

"ఎవరూ రాలే. ఉత్త పలకే వచ్చింది."

"బాగా గుర్తు చేసుకోమ్మా. ఏటి పొడుగునా ఊరూరూ అడుగుతా వస్తాండా."

"నీకేమన్నా చెవుడా? పలక వచ్చింది, మనిషి రాలే! నీదీ నాదీ అంటే ఊరంతా లేపుతా."

"నాకు పలకెందుకమ్మా."

పలక పక్కనే కూలబడ్డాడు. తర్వాత లేచి, దించిన రాళ్లన్నీ మళ్లీ పలక మీద పెట్టి, రోడ్డు వైపు నడిచాడు.

సుంకులమ్మ గెలిచినట్టు ఊపిరి పీల్చుకుంది.

ఇంతలోనే మహానంది వచ్చాడు.

"ఎవడో చెవి తెగినోడు వచ్చినాడు నాయనా, నీ పలక మీద కన్నేసి. నేనా ఇచ్చేది? తరిమేస్తి."

మహానంది నిలబడిపోయాడు.

"ఏ చెవి?"

"ఎడమది. తమ్మె లేదు."

"ఏమడిగినాడు?"

"దీంతో పిల్లోడెవరన్నా వచ్చినాడా అని. ఎవరూ రాలేదంటి."

లక్క పొట్లం చేతిలోంచి జారింది.

"అమా, ఆ పొద్దు ఏట్లో ఈ పలక మీద ఉండింది ఆయప్పే. నేను మునుగుతాంటే తాను దిగి, దీన్ని నా మీదికి తోసినాడు. నా కండ్ల ముందరే మునిగిపాయ. నువ్వు అదురుకుంటావని చెప్పలే."

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.

రోడ్డు మీద దుమ్ము ఇంకా అణగలేదు. కోడుమూరు బస్సులో ఆ మనిషి వెళ్లిపోతున్నాడు, తన పలక ఇచ్చి కూడా బతికించలేకపోయాననుకున్న పిల్లవాడి కోసం కళ్లు తుడుచుకుంటూ.