ఎడమ మూల

గదిలో లైట్లన్నీ ఆర్పి, సురయ్యా నీలిదీపం వెలిగించింది. బల్ల మీది తోలు పత్రం తెల్లగా మెరిసింది. కింద ఎడమ మూల మాత్రం పసుపుగా, మసకగా ఉండిపోయింది.

"అతుకు!" అందామె. "ఈ మూల ఒక్కటే పాత తోలు. తక్కినదంతా కొత్తదే, అందుకే ఈ దీపానికి మెరుస్తాంది."

పక్కనే ఆమె భర్త రియాజ్ నిలబడి ఉన్నాడు. జెద్దాలో తనకు వీసా ఇచ్చి పని చేయించుకునే కఫీల్ నడిపే పాతవస్తువుల దుకాణం నుంచి ఆ పత్రాన్ని ఆమె పనిచేసే ల్యాబుకు తెచ్చింది అతనే.

"వయసు పరీక్షలో వెయ్యేండ్ల నాటిదని తేలింది కదా?"

"ఆ పరీక్షకు ముక్క కోసింది ఈ మూల నుంచే. మీ కఫీల్ మిమ్మల్ని గూడా మోసం చేసినాడు. మా ల్యాబు మేడంకు చెప్పేద్దాం, పాండి."

రియాజ్ కదల్లేదు.

"లైటెయ్యి సురయ్యా. వచ్చిన రిపోర్టు వచ్చినట్లే పోనీ."

స్విచ్ మీదికి వెళ్ళిన ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్షరాలు ఉండని చోటని ల్యాబులో ఎప్పుడూ ఆ మూలే కోస్తారు. ఆ సంగతి బయటివాళ్ళకు తెలియదు.

"మేము కోసే మూల ఇదని మీ కఫీల్‌కు ఎవురు చెప్పినారు?"

అతను తల దించుకున్నాడు. "నా ఇకామా రెన్యువల్ ఆయన చేతిలో ఉంది. ఆయన చెయ్యకుంటే నేను ఈ దేశంలో ఉండలేను."

"రోజూ టీ తాగతా నా పని గురించి అడుగుతాంటిరి. నా మొగుడికి నా పనంటే ఎంత ఇష్టమో అని మురిసిపోతి."

సురయ్యా సన్న కత్తి తీసి, తెల్లగా మెరుస్తున్న పత్రం పై అంచు మీద ఆనించింది.

"ఈసారి ఇక్కడ కోస్తాండా. ఇది గూడా పోయి చెప్పుకోండి."