ఊరికే వచ్చిన గొడుగు

పొద్దున పదింటికి పాల్మాకులలో అనంతమ్మ ఇంటి గేటు చప్పుడైంది.

అప్పుడే కొడుకు వీరేందర్‌కు కన్ను అంటుకుంది. రాత్రంతా ఎయిర్‌పోర్టు క్యాబ్ తోలి వచ్చిన మనిషి. ఆ నిద్రకు అనంతమ్మే కావలి. వాడు లేచేదాకా వాడి ఫోను ఆమె ఒళ్లోనే ఉంటుంది.

ఆ ఫోనుకు మాత్రం నిద్ర లేదు.

ఫ్రీ కుక్కర్ అన్నారని ఒకసారి, ఫ్రీ ఇయర్‌ఫోన్లు అన్నారని ఒకసారి, అడిగిన ప్రతి చోటా వీరేందర్ నంబరూ మెయిలూ ఇచ్చి కూర్చున్నాడు. కుక్కర్ రాలేదు. రోజుకు వంద మెయిళ్లు మాత్రం తప్పకుండా వచ్చేవి. ప్లాటు కొనమని, లోను తీసుకోమని, కారు గెలిచావని. చదివేదెవరు? వారానికోసారి అన్నిటినీ ఒక్క ఊపున చెత్తలో పడేసేవాడు.

ఎదురింటి కౌసల్యమ్మ ఫ్రీ మిక్సీ కోసం ఏదో నొక్కితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. అప్పటినుంచి ఫ్రీ అన్న మాట చెవిన పడితే చాలు, అనంతమ్మ ఫోను కట్ చేసేది.

గేటు బయట నలభై ఏళ్ల ఆడమనిషి. భుజాన బట్ట సంచి, కాళ్లనిండా దుమ్ము.

“వీరేందర్ ఇల్లు ఇదేనా అమ్మా?”

“ఏం గావాలె?”

“ఫోన్ చేస్తే ఎత్తుతలేరు. మూడు మెయిళ్లు గూడ పంపినం.”

అనంతమ్మకు ఒళ్లు మండింది.

“మెయిళ్లోళ్లా మీరు? ఇగ ఇండ్లకే వస్తున్నరా? ఏం ఫ్రీ తెచ్చినవ్ బిడ్డా, కుక్కరా, కారా?”

“ఇచ్చెటందుకు రాలేదమ్మా. అడిగెటందుకు వచ్చిన.”

ఆమె చూపు వసారాలో వేలాడుతున్న నీలం గొడుగు మీద పడింది.

“ఆ గొడుగు మేమిచ్చిందే.”

నిజమే. పోయిన వానాకాలం క్యాబుల పార్కింగులో టెంటు వేసి, ఫారం నింపిన డ్రైవరుకల్లా ఒక గొడుగు ఇచ్చారు. బుగ్గలోపల దూదిపుల్లతో రుద్దారని వీరేందర్ చెప్పి నవ్వాడు. ఫ్రీ అన్నవాటిలో నిజంగా ఇల్లు చేరింది అదొక్కటే.

“గొడుగు కోసం గింత దూరం వచ్చినవా?”

“కాదమ్మా. అప్పుడు తీసిన దూదిపుల్ల ఇప్పుడొక పిల్లకు కలిసింది. ఆ పిల్ల రక్తం పాడైంది. మీ కొడుకు రక్తంల నుంచి మూలకణాలు జరంత ఇస్తే బతుకుతది. లక్షల మందిల ఒక్కరు కలుస్తరు.”

“ఎవల పిల్ల? నీ బిడ్డనా?”

“ఎవలో నాకు గూడ తెల్వదు. మాకు చెప్పరు.”

“తెల్వని పిల్ల కోసం ఎండల తిరుగుతున్నవా? మస్తు చెప్తున్నవ్.”

“మీకు ఒక్క పైస ఖర్చు లేదమ్మా. అంతా ఫ్రీనే.”

పాపం, ఆ ఒక్క మాట ఆమె అనకుండా ఉండాల్సింది.

అనంతమ్మ విసవిసా పోయి గొడుగు తెచ్చి గేటు మీదుగా ఆమె చేతిలో కుక్కింది.

“ఇగో, మీది మీకు ముట్టింది. మావోని రక్తం జోలికి రాకు.”

“ఒక్కపారి ఆయనతోని మాట్లాడిపియ్యి. టైం లేదమ్మా.”

“వాడు ఇంట్ల లేడు. డ్యూటీకి పోయిండు.”

గడప పక్కనే వీరేందర్ చెప్పులున్నాయి. ఆమె వాటిని చూసింది. చీటీ మీద నంబరు రాసి, గొడుగు మడతలో పెట్టి, గొడుగును గేటుకు తగిలించి, ఆ ఎండలోనే నడుచుకుంటూ పోయింది.

అనంతమ్మ గొడుగును మళ్లీ వసారాలో వేలాడదీసింది. చీటీ మాట కొడుకుతో అనలేదు.

పన్నెండు రోజులకు వాన పడింది. వీరేందర్ గొడుగు తెరిస్తే చీటీ రాలింది.

“ఇదేందమ్మా?”

అనంతమ్మ దాచకుండా అంతా చెప్పింది. వాడు చీటీ మీది నంబరుకు ఫోను కలిపాడు.

“అన్నా, నేను పాల్మాకుల వీరేందర్‌ను. రక్తం కలిసిందన్నరంట. ఎప్పుడు రావాలె?”

అవతలి మనిషి పేరు వెతికి చూసి చెప్పాడు.

“ఇగ అవసరం లేదన్నా. మొన్న సోమవారం పాప పోయింది.”

వీరేందర్ చేతిలో గొడుగు తెరిచినది తెరిచినట్టే ఉంది. అనంతమ్మ ఫోను అందుకుంది.

“నాయినా, మా ఇంటికి వచ్చిన ఆ అమ్మకు జర ఫోన్ ఇయ్యి. కాళ్లు మొక్కుత.”

“స్వరాజ్యం అక్కకా? జల్‌పల్లి పోయింది. ఆడ గూడ ఎవరో ఫోన్ ఎత్తుతలేరు.”

“ఆమె మీ దగ్గర నౌకరీ చేస్తదా?”

“నౌకరీ కాదమ్మా. నాలుగేండ్ల కింద అక్క కొడుకుకు గూడ గిట్లనే ఒకాయన రక్తం కలిసింది, ఆయన ఫోన్ ఎత్తలే.”