‘ఏ’ గ్రేడు ఇల్లు

“ఆ కూలరు ముట్టుకున్నావంటే ఊరుకోను!” అని అరిచాడు పరబ్రహ్మం.

గౌరీదేవి స్విచ్చు మీంచి చెయ్యి తీసేసింది. “ఏటి మనిషండీ మీరు! మే నెల్లో, ఈ భిలాయి ఎండల్లో కూలరు లేకుండా బతుకుతారేటి ఎవరైనా?”

“ఇవాళో రేపో గ్రేడింగు వాళ్లొస్తారు. వాళ్లు చూసి ఎళ్లేదాకా బతకాలి. తప్పదు.”

దీనంతటికీ మూలం గేటు మీది అక్షరం. సెక్టర్ 4లో కరెంటు దుబారా ఎక్కువైందని, తొంభై అయిదులో క్వార్టర్ల సంఘం వాళ్లు ఇంటింటికీ గ్రేడులిచ్చారు. పొదుపు చేసే ఇంటి గేటు మీద పచ్చ రంగుతో ‘ఏ’ రాశారు. పరబ్రహ్మం గేటు మీద ఎర్రగా ‘డి’ రాసి పోయారు. వీధి మొత్తానికి ‘డి’ అదొక్కటే.

ఎదురింటి మనోజ్‌కుమార్ ఆ రోజు నుంచీ అతన్ని పేరు పెట్టి పిలవడం మానేశాడు. “క్యా డి-సాబ్, డ్యూటీకేనా?” అంటాడు నవ్వుతూ. ఆ పేరు స్టీలు ప్లాంటు దాకా పాకింది. రోలింగ్ మిల్లులో అందరి చేతా పని చేయించే చార్జ్‌మన్ పరబ్రహ్మానికి అది మింగుడుపడలేదు.

ఏడాది తిరిగింది. ఈసారి ‘ఏ’ రావలసిందేనని పరబ్రహ్మం పంతం పట్టాడు. వంటింట్లో కరెంటు హీటరు తీసి అటకెక్కించాడు. బొగ్గుల కుంపటి, సిగడీ అంటారే, అది తెచ్చాడు. ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. సగం బల్బులు ఊడదీశాడు. పొగకి కళ్లు మండుతున్నాయని గౌరీదేవి పొద్దస్తమానం గొణుగుతూనే ఉంది.

గేటు చప్పుడైంది. ఒక నడివయసావిడ, వెనకే ఫైలు పట్టుకుని ఒక పెద్దాయన.

“నమస్తే అండీ. ఇల్లు చూడ్డానికొచ్చాం. ముందుగా చెప్పకుండా రావడం మా పద్ధతి” అందావిడ.

పరబ్రహ్మం మొహం వెలిగిపోయింది. “తెల్సునండీ. రండి, రండి. మీ కోసమే కాసుక్కూచున్నాం.”

ముందు గది చీకటిగా, ఆవిరి పట్టినట్టుంది. పెద్దాయన మెడ తుడుచుకుంటూ ఫ్యాను వంక చూశాడు.

“మా ఇంట్లో పగలు ఫ్యాను తిరగదండీ” అన్నాడు పరబ్రహ్మం గర్వంగా.

“ఇంట్లో ఎవరెవరుంటారు?” అని అడిగిందావిడ.

“మేమిద్దరమే. మూడో మనిషి లేకపోబట్టే ఇంత పొదుపుగా సాగుతున్నాది.”  ఆ మాట గబగబా అనేశాడు. గౌరీదేవి మొహం తిప్పుకుంది.

“ఆ వెనక గది?”

“తాళం ఏసీసేనండీ. లోపల బల్బు కూడా లేదు. ఉండీవాళ్లు లేనప్పుడు దండగ కదా.”

వంటింట్లో ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి చూసింది. లోపల వెచ్చగా ఉంది, ఏమీ లేదు.

“పాలూ అవీ?”

“పాలు కొనడం మానీసేం.”

నేల మీద సిగడీలో నిప్పులు ఎర్రగా రగులుతున్నాయి. ఆవిడ చీర కుచ్చిళ్లు పట్టుకుని వెనక్కి జరిగింది. “ఇది ఎప్పుడూ ఇలా కిందే ఉంటుందా?”

“ఎప్పుడూనండీ! ఇంక దీన్ని మార్చీది లేదు.”

 ఆవిడ గౌరీదేవి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. “ఇదంతా మీకు కూడా ఇష్టమేనా అమ్మా?”

అణుచుకున్న కోపమంతా గౌరీదేవి నోటి వెంట వచ్చేసింది. “నన్నెవరడిగేరు తల్లీ? అంతా ఆయన పంతమే. వద్దు మొర్రో అంటే వింటేనా? నాకైతే పేణం ఇసిగిపోనాది.”

పరబ్రహ్మం పళ్లు నూరాడు. “దాని మాటలు పట్టించుకోకండి. మీరు మంచిగా రాసీండి. దాన్ని నాను దార్లో పెడతాను.”

వచ్చినవాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. పెద్దాయన ఫైలు విప్పనే లేదు. ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా లేచి వెళ్లిపోయారు.

“నోరు కట్టుకోలేకపోయేవా? కొంప ముంచీసేవు కదే!” అని పరబ్రహ్మం మొదలుపెట్టేలోగా బయట సైకిల్ బెల్లు మోగింది. రంగు డబ్బా, కుంచె తగిలించుకుని ఒకతను దిగాడు.

“కరెంటు గ్రేడింగు భయ్యా. మీటర్ కిధర్ హై?”

“ఇప్పుడే కదా మీవాళ్లు చూసి ఎళ్లేరు!”

“మావాళ్లా? ఈ వీధికి నేనొక్కణ్ణే భయ్యా.”

పరబ్రహ్మం చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు.

మలుపు దగ్గర రిక్షా ఎక్కుతూ ఆవిడ పెద్దాయనతో అంటోంది, “ఒక్క పసిపిల్లని దత్తత ఇమ్మని ఇన్నేళ్లుగా మన అనాథాశ్రమానికి ఉత్తరాలు రాసింది ఈ మొగుడూ పెళ్లాలేనంటే నమ్మలేకపోతున్నాను, పదండి, పాపని ఇంకో ఇంటికిద్దాం.”