రెండో చరణంలో నవ్వు

“ఈ సంచి పట్టీ కాస్త కుట్టిపెడతావా నాయనా?”

గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడని చూసి దర్జీ చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు.

అసలే చిరాకులో ఉన్నాడు. రేపు సాయంత్రం ఓ పాతకాలపు గాయని అభిమానుల సభ. వ్యాసం చదవాల్సింది తనే. పన్నెండు పేజీలు రాశాడు, పదమూడోది కదలనంటోంది. దర్జీ దగ్గర దారం ఉంది గానీ దారే లేదు.

“కూర్చోండమ్మా. పాత పాటలు వింటారా?”

“ఏదో, అప్పుడప్పుడూ.”

“యాభై ఏళ్ల కిందట ఊళ్లన్నీ ఊగిపోయిన పాట ఒకటుంది. రెండో చరణం చివర ఎవరో పుసుక్కున నవ్వుతారు. గుర్తుందా?”

“ఒకసారి విన్నాను.”

“ఒక్కసారేనా!”

దర్జీకి జాలేసింది. ఆ పాట ఒక్కసారే విని ఈ మనిషి ఇన్నేళ్లు ఎలా బతికిందో!

“ఆ నవ్వు గాయనిది కాదండీ. ‘నాది కాదు’ అని ఆవిడే చెప్పింది. ఎవరిదో మాత్రం చెప్పకుండానే పోయింది. అప్పట్లో అందరికీ కలిపి ఒకటే మైకు. కోరస్ వాళ్లు, వాయించేవాళ్లు, అంతా ఒకే గదిలో. వాళ్లలోనే ఎవరో. ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నాను.”

“ఎవర్నీ అడగలేదా?”

“ఉత్తరాలు రాశానమ్మా! వయొలిన్ ఆయన తెలీదన్నాడు. ఫ్లూటు ఆయన జవాబుగా మనవడి పెళ్లి శుభలేఖ పంపాడు.”

పెద్దావిడ సూది వంకే చూస్తోంది.

“పాట మధ్యలో నవ్వడమంటే పాట పాడుచేసినట్టే కదా నాయనా? బాగా తిట్టి ఉంటారు.”

దర్జీ సూది ఆపేశాడు.

“ఎంత మాటన్నారు! పాడింది ఆవిడే అయినా, పండించింది ఆ నవ్వండీ! మా సభలో ఆ చోటు వచ్చేసరికి రెండొందల మంది ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.”

“రెండొందల మందా?”

“దగ్గినవాణ్ణి బయటికి పంపేస్తాం.”

పెద్దావిడ సంచి ఒళ్లో సర్దుకోబోయి, అది దర్జీ దగ్గరుందని గుర్తొచ్చి, ఉత్త చేతులే ఒళ్లో పెట్టుకుంది.

దర్జీ దారం కొరికి, సంచి అందించాడు.

“దీని తప్పేం లేదమ్మా. ఇన్నేళ్లు మోసి మోసి, చివరికి తెగించింది!”

ఆవిడ నవ్వేసింది.

దర్జీ ఛాతీ టేపు పెట్టి కొలుచుకోవాల్సినంత పెరిగింది. తన జోకుకి ఒక మనిషి నవ్వి ఎన్నాళ్లయింది! పెళ్లయిన కొత్తలో భార్య నవ్విందే ఆఖరు.

“బాగా చెప్పావు నాయనా” అంటూ ఆవిడ మెట్లు దిగింది. వచ్చినప్పటికంటే తేలిగ్గా నడుస్తోంది.

కుట్టు మహిమ అనుకున్నాడు దర్జీ.

కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడో లేదో, తెర వెనక గదిలో కాజాలు కుడుతున్న భార్య బయటికొచ్చింది.

“ఏమండీ, ఆ పాట రికార్డు కొత్తది కొన్నారా?”

“లేదే.”

“మరి ఇందాక ఆ నవ్వు అంత శుభ్రంగా వినిపించిందేం? ఒక్క గరగర లేదు.”

“ఏ నవ్వు?”

“మీ నవ్వేనండీ, రెండో చరణంలో నవ్వు! ఇరవై ఏళ్లుగా రోజూ వింటున్నదాన్ని, నాకు తెలీదా!”

దర్జీ గ్రామఫోను వైపు చూశాడు. మూత వేసే ఉంది.

ఒక్క అంగలో వీధిలోకి దూకాడు. సైకిళ్లు, జనం, ఎండ. పెద్దావిడ లేదు. పేరైనా అడగలేదు.

తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ముఖంలో దిగులు ఉండనే ఉంది, కానీ దాన్ని పక్కకి జరిపి ఇంకేదో వెలుగు చోటు చేసుకుంటోంది.

“ఏమైందండీ? ఎవరా వచ్చింది?”

“రికార్డు వెయ్యనే లేదే” అన్నాడు దర్జీ మెల్లగా. “ఆవిడ నా జోకుకి నవ్వింది.”