ఆ ఒక్క బోల్టు

ఇంజిను కాస్త వేడెక్కనిచ్చి, వెండెల్ బండి కింద పళ్లెం పెట్టి పాత ఆయిలు దించాడు. నల్లగా, చిక్కగా కారింది.

"ఈ ఏడు మూడొందల మైళ్లు కూడా తిరిగినట్టు లేవే," అన్నాడు.

"ఎక్కడికెళ్లాలిరా? సరుకులకీ, చర్చికీ, చేపలకీ. అంతేగా," అన్నాడు ర్యూబెన్. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పెట్టుడు కాలు విప్పి పక్కన పెట్టుకున్నాడు.

అక్టోబరు ఆఖరు. సోమవారం మంచు పడుతుందని రేడియోలో చెప్పారు. ఉత్తర మిన్నసోటాలో ఒకసారి పడిందంటే మళ్లీ ఏప్రిల్ దాకా నేల కనపడదు. ఆ మంచు పడేలోగా ఈ మూడు చక్రాల మోటారు సైకిలుని ఏప్రిల్ దాకా నిద్రపుచ్చాలి. తొమ్మిదేళ్లుగా ఆ పని వెండెల్‌దే. ర్యూబెన్ ఎప్పుడూ రమ్మని పిలవలేదు. వద్దనీ అనలేదు.

అసలు ఆ బండి కట్టిందే వెండెల్. రెండు చలికాలాలు కూర్చుని వెనక ఇరుసు మార్చాడు. గేర్లు చేత్తో వేసుకునేలా మీట అమర్చాడు. ఎడమ మోకాలి కింద ఏమీ లేనివాడు నడపాలి కదా.

వెండెల్ లెక్కలో, ఆ కాలు తీసింది తనే.

పదకొండేళ్ల కిందట ర్యూబెన్‌కి మామూలు రెండు చక్రాల మోటారు సైకిలే ఉండేది. చలికాలం ముందు వెండెలే దాని ముందు బ్రేకు విప్పి, శుభ్రం చేసి, బిగించి, దుప్పటి కప్పి మూలన పెట్టాడు. జనవరిలో ర్యూబెన్ భార్య నోరీన్ పోయింది. మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే ర్యూబెన్ తన ముసలి కుక్కను తెచ్చి వెండెల్ ఇంట్లో వదిలాడు. దాని గిన్నె, పరుపు కూడా ఇచ్చాడు. ఇంటికెళ్లి బండి బయటికి తీశాడు. సరస్సు వైపు దిగే వాలు రోడ్డులో, మలుపు దగ్గర తిరగకుండా, తిన్నగా బండరాళ్ల మీదికి వెళ్లిపోయాడు.

బండి తుక్కయింది. ఎవరూ విప్పి చూడకుండానే పాత ఇనుములోకి పోయింది. ఆ రోజు నుంచీ వెండెల్‌ని ఒకటే ప్రశ్న తొలుస్తోంది. ముందు బ్రేకు బోల్టు బిగించానా? విప్పింది గుర్తుంది. తుడిచింది గుర్తుంది. మధ్యలో భార్య డార్లా భోజనానికి పిలిస్తే లేచి వెళ్లిందీ గుర్తుంది. తిరిగొచ్చి బిగించింది మాత్రం ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు.

ఆస్పత్రిలో మంచం పక్కన నిలబడి ఆ మాటే చెప్పేశాడు. ర్యూబెన్ మొహం కిటికీ వైపు తిప్పుకుని, "పోనీలేరా," అన్నాడు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేదని వెండెల్ ఎన్నిసార్లు అనుకున్నాడో.

తనకున్న మోటారు సైకిలుని వెండెల్ ఆ వారమే ఎవరికో ఇచ్చేశాడు. మళ్లీ ఎక్కలేదు. ర్యూబెన్ వాకిట్లో మంచు ఎత్తడం, కట్టెలు చీల్చడం తన పనులైపోయాయి. ఇప్పుడు ఏ బోల్టు బిగించినా దానిమీద సుద్దగీత పెడతాడు. గీత పెట్టాక మళ్లీ ఓసారి బిగించి చూస్తాడు.

కొత్త ఆయిలు పోశాడు. ట్యాంకు నిండా పెట్రోలు నింపి, పాడవకుండా మందు కలిపాడు. బ్యాటరీ ఊడదీసి గుమ్మం దగ్గర పెట్టాడు. ఎలుకలు దూరకుండా పొగగొట్టంలో ఇనుప పీచు కుక్కుతుంటే ర్యూబెన్ నవ్వాడు.

"పోయినేడు ఆ పీచు పీకి గూడు కట్టుకున్నాయి. ఈసారి ఓ దిండు కూడా ఇచ్చిపో."

వెండెల్ నవ్వలేదు. అది ర్యూబెన్ గమనించాడు.

"డార్లా ఎప్పుడు బయల్దేరుతోంది?"

"గురువారం."

డార్లాకు ఊపిరితిత్తుల జబ్బు. పోయిన చలికాలం రెండుసార్లు ఆస్పత్రిలో పడింది. ఈసారి చలిలో ఉంచొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. వెచ్చగా ఉండే అరిజోనాలో, ఆమె చెల్లెలి ఇంట్లో ఇద్దరికీ గది సిద్ధంగా ఉంది.

"మరి నువ్వు?"

"నేనెక్కడికిరా? ఒక్కతే వెళ్తుంది." వెండెల్ చక్రం కింద చెక్క దోపాడు. "మొన్న పోట్లాడింది. 'నువ్వు పెళ్లాడింది నన్నా, ర్యూబెన్‌నా?' అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆవిడ ఏడుస్తుంటే లేచి బయటికొచ్చేశాను. చేసిన పాపానికి ఎవడో ఒకడు ఇక్కడుండాలి కదా. నీ కాలు తీసి, నేను పోయి అక్కడ ఎండ కాచుకోనా?"

ర్యూబెన్ పెట్టుడు కాలు తీసుకుని పట్టీలు బిగించుకోబోయాడు. బకిలు రెండుసార్లు జారిపోయింది. సాయం చేద్దామని వెండెల్ లేవబోతే, చేత్తోనే ఆగమన్నాడు. చివరికి లేచి, కుంటుకుంటూ వచ్చి, బండి పక్కన తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాడు. స్నేహితుడి మొహంలోకి చూడలేకపోయాడు. సుద్దగీతలకేసి చూస్తూ మొదలుపెట్టాడు.

"ఎన్నేళ్లుగానో చెబుదామనుకుంటున్నాను. చెబితే నువ్వు రావడం మానేస్తావని భయమేసింది. నాకింకెవరున్నారు?"

వెండెల్ స్పానరు కింద పెట్టాడు.

"ఏం చెబుదామని?"

"ఆ రోజు బ్రేకు బాగానే ఉందిరా వెండెల్, నేనే వెయ్యదలచుకోలేదు."