చిన్నదే కావాలి

“చిన్నదే కావాలె,” అన్నాడు శివశంకర్.

“చిన్నది వద్దే అన్నా, నా మాటిను,” అంది నిషిత.

పటాన్‌చెరు హైవే పక్కనున్న ఆ కంప్యూటర్ల దుకాణంలో చాలాసేపటి నుంచి ఇదే రగడ. అమ్మే మనిషి వద్దంటుంటే కొనే మనిషి పట్టుబట్టడం ఆ దుకాణంలో ఎన్నడూ లేదు. శివశంకర్ ముత్తంగిలో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు, ఎడిటింగ్ కూడా తనే చేసిస్తాడు. ఈ రోజుల్లో పెళ్లికూతురి కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడకపోతే జనం ఊరుకోరు. అంత బరువైన వీడియోలు కోసి అతికించాలంటే పెద్ద సీపీయూ ఉండాలని నిషిత వాదన. పెద్దదానిలో గాలి ఆడుతుంది, వేడెక్కదు, రేపు లోపల ఏదైనా పోతే మార్చుకోవచ్చు. చిన్నదేమో టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, ధరకు మాత్రం ఏమీ తక్కువ కాదు. ఇంట్లో టేబుల్ లేదా అని అడిగింది. ఉందన్నాడు. చోటు లేదా అంటే అదీ ఉందన్నాడు.

“మరింక చిన్నదెందుకన్నా?”

“సంచిల పట్టాలె. బయటికి తీస్కపోయి చేసుకోవాలె,” అని నేల చూపులు చూశాడు.

నిషిత ఇక వాదించలేదు. ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. ఎడిటింగ్ చేసేవాళ్లు సొంత వీడియో తెచ్చుకుని, మెషిన్ మీద పనిచేసి చూసుకుని గాని కొనరు. పెన్‌డ్రైవ్ ఇమ్మంది. శివశంకర్ జేబులోంచి తీశాడు గానీ, ఇవ్వాలా వద్దా అన్నట్టు కాసేపు గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

మైలపోలు వీడియో అది. పెళ్లికూతురిని పీట మీద కూర్చోబెట్టి ముత్తైదువలు పసుపు పెడుతున్నారు. పాటలు, నవ్వులు, ఒకరి మీద ఒకరు పసుపు నీళ్లు చల్లుకోవడాలు. అంతలో నుదుట బొట్టు లేని ఒక ఆవిడ, ఎవరూ పిలవకుండానే పక్కనుంచి వచ్చి, పెళ్లికూతురి చెంపకు ఇంత పసుపు రాసింది. పిల్ల తలెత్తి ఆమెను చూసి, కళ్లనిండా నీళ్లతో నవ్వింది.

“గీమెను తీసెయ్యాలె. నీడ గూడ కనవడొద్దు. గీ పని ఏ మెషిన్ చేస్తే గది కొంట.”

“తీసుడెందుకన్నా?”

మగపెళ్లివారు చెప్పారట. మొగుడు పోయిన మనిషి చెయ్యి మైలపోల్లో పడితే మంచిది కాదట. వాళ్ల చుట్టపక్కాలంతా చూసే వీడియో, ఆ ముక్క అట్లాగే ఉంచితే రేపు అత్తగారింట్లో మాటలు పడేది పిల్లేనట. పోనీ ఆ ముక్క మొత్తం కోసేద్దామంటే, పెళ్లికూతురు అంత బాగా నవ్విన చోటు మళ్లీ లేదు, అది ఉండాల్సిందేనన్నారట. ఇదంతా ఎవరింట్లోనో జరిగిన సంగతిలా గబగబా చెప్పేశాడు.

“ఎవలన్నా గామె?”

“ఎవలో,” అన్నాడు శివశంకర్. ఆ మాట అంటుంటే అతని గొంతు అతనికే అసహ్యంగా వినిపించింది.

నిషిత మొదటి మెషిన్ ఆన్ చేసింది. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు కాసేపటికే దాని ఫ్యాను హోరెత్తింది. తెర మీద బొమ్మ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. ఆవిడ సగమే పోయింది. ముఖం లేదు, చీర లేదు. చెయ్యి ఒక్కటే మిగిలి, పెళ్లికూతురి చెంపను పట్టుకుని ఉంది. ప్రింటర్ కొనడానికి వచ్చినవాళ్లెవరో ఇటు తొంగిచూశారు. శివశంకర్ గబుక్కున తెరకు అడ్డం నిలబడి, ఆపెయ్యమని బతిమాలాడు. ఆ క్షణాన అతను సిగ్గుతో చచ్చిపోయాడు.

రెండోదీ చిన్నదే, కానీ లోపల విడిగా గ్రాఫిక్ కార్డుంది. అది చప్పుడు కూడా చెయ్యలేదు. చూస్తుండగానే ఆవిడ పోయింది, ఆవిడ నీడా పోయింది. చెంప మీద పసుపు మాత్రం ఉండిపోయింది. అది ముత్తైదువలెవరో పెట్టిందే అనుకుంటారు, భయం లేదు. పెళ్లికూతురు తలెత్తి, ఉత్త గోడను చూసి కళ్లనీళ్లతో నవ్వుతోంది.

“ఇప్పుడు గీ పిల్ల ఎవల్ని సూసి నవ్వుతున్నదన్నా?” అంది నిషిత మెల్లగా.

శివశంకర్‌కు తల తీసేసినట్టయింది. తేలు కుట్టిన దొంగలా నిలబడి, అదే కట్టివ్వమని సైగ చేశాడు.

కట్టిచ్చింది గానీ నిషితకు మనసొప్పలేదు. డబ్బా చిన్నదైతే మాత్రం, మానిటరూ కీబోర్డూ ఎక్కడివని అడిగింది. పాశమైలారంలో దోస్తు రూములో ఉన్నాయన్నాడు. కంపెనీ డ్యూటీకి దోస్తు పోయినప్పుడల్లా అక్కడ కూర్చుని చేసుకుంటాడట.

“సొంతిల్లు ఉండంగ, దోస్తు రూముల దొంగసాటుగ ఎందుకే అన్నా?”

శివశంకర్ సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా పోయి ఆగాడు. వెనక్కి తిరిగి నిషిత ముఖం చూసే ధైర్యం లేదు అతనికి.

“ఇంట్ల గీ పని నాతోని కాదు చెల్లె. నేను ఎడిటింగ్‌కు కూసుంటే మా అమ్మ నా ఎనకాల్నే కుర్సీ ఏసుకొని కూసుంటది, బిడ్డకు పసుపు వెట్టింది సూసుకుందామని.”